వడ్డన సిబ్బందికి వాకీటాకీలు: ఎంపిక చెవి దగ్గర మొదలు కావాలి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, నేను సరిగానే అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. కింది అంతస్తులో వంటగది, పై అంతస్తులో భోజనశాల, దానిపైన విందుల కోసం మేడ ఉన్నాయి. సిబ్బంది ఇరవై మంది. వంటకం సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికే మనుషులు మెట్లు ఎక్కి దిగుతున్నారు, అతిథులు ఎదురుచూస్తున్నారు. అందుకని వాకీటాకీలు కొనాలనుకున్నారు. రెండు వాట్లవి చాలునా, ఐదు వాట్లవి కావాలా, డబ్బా మీద రాసే కిలోమీటర్లను నమ్మవచ్చునా, లేక అందరి ఫోన్లలో ఒక యాప్ పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

విందు వడ్డనల నిర్వహణలో చాలా ఏళ్లు పనిచేసి, నాలుగైదు చోట్ల ఈ ఏర్పాటును మొదటినుంచీ నిలబెట్టిన అనుభవంతో చెబుతున్నాను. వాట్లు, కిలోమీటర్లు మీరు చూడవలసిన వాటిలో చివరివి. వడ్డన పనిలో వాకీటాకీ విఫలమైనప్పుడు, సంకేతం చేరకపోవడం కన్నా చేరిన మాట వినబడకపోవడమో, విన్న మాట అర్థం కాకపోవడమో, బటన్ నొక్కడానికి చేయి ఖాళీగా లేకపోవడమో కారణమైన సందర్భాలనే నేను ఎక్కువగా చూశాను. కాబట్టి ఇయర్‌పీస్‌ను ముందు ఎంచుకొని, దానికి తగిన సెట్టును తరువాత ఎంచుకోవాలని నా సలహా. దుకాణంలో ఎవరూ ఈ వరుసలో చూపించరు. సెట్టును చూపించి, ఇయర్‌పీస్‌ను దానితో వచ్చే చిన్న వస్తువులా చేతిలో పెడతారు.

మొదటిసారి నేనూ అలాగే మోసపోయాను. దూరం ఎక్కువ పలుకుతుందన్న మాట నమ్మి బలమైన సెట్లు కొన్నాను, ఇయర్‌పీస్‌లు అనవసరమనుకొని సెట్టులో ఉన్న స్పీకరుతోనే పని మొదలుపెట్టించాను. వంటగదిలో పొగ లాగే ఫ్యాన్ల హోరులో ఏమీ వినబడలేదు, దాంతో అందరూ శబ్దాన్ని పూర్తిగా పెంచారు. అదే సెట్టు పట్టుకొని పై అంతస్తుకు వెళ్లిన కెప్టెన్ (వడ్డించేవారిని నడిపించే మనిషి) నడుము దగ్గరనుంచి వంటగదిలోని అరుపులు భోజనం చేస్తున్న అతిథులందరికీ వినబడ్డాయి. ఒక కుటుంబం ముందే, వారి బల్లకు సంబంధించిన పొరపాటు గురించి కింద జరుగుతున్న వాదన అంతా వినిపించింది. రెండు వారాలు తిరగకుండానే సెట్లన్నీ అలమరలోకి చేరాయి, మనుషులు మళ్లీ మెట్లెక్కారు. ఆ సెట్లలో లోపమేమీ లేదు. నేను వాటిని ఎంచుకున్న తీరులోనే ఉంది.

వంటగదిలోని శబ్దం ఎలాంటిదో ముందు గమనించండి. పొగగొట్టం ఫ్యాను, గిన్నెలు కడిగే యంత్రం, మంట, నీటి పంపు కలిసి ఎడతెగని హోరును చేస్తాయి. దానిమీద పళ్లేలు, గరిటెలు తగిలే ఖణఖణ అప్పుడప్పుడూ పైకి లేస్తుంది. అమెరికాలో వృత్తిపరమైన ఆరోగ్య భద్రతపై పరిశోధించే జాతీయ సంస్థ నియోష్, ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్ల సగటు శబ్దాన్ని సిఫార్సు చేసిన హద్దుగా పెట్టింది. రద్దీ సమయంలో గిన్నెలు కడిగే చోట శబ్దం ఆ హద్దుకు దగ్గరగా వెళ్లడం అసాధారణమేమీ కాదు. ఇటువంటి చోట ఇయర్‌పీస్ పెట్టుకున్న మనిషి మాట వినబడాలంటే హోరును మించి శబ్దాన్ని పెంచుకోవలసి వస్తుంది, అంటే అప్పటికే అలసిన చెవిమీద మరింత భారం పడుతుంది. అందుకే వంటగదిలో ఉండే మనిషికి చెవిని కప్పి బయటి హోరును కొంత ఆపే హెడ్‌సెట్టు ఇవ్వాలి, అదీ ఒక చెవికే. రెండో చెవి తెరిచి ఉండాలి. వెనకనుంచి వేడి పాత్రతో వస్తూ పక్కకు జరగమని చెప్పే మనిషి గొంతు ఆ చెవికి వినబడకపోతే, ఆలస్యం తప్పించబోయి ప్రమాదం కొనితెచ్చుకున్నట్టవుతుంది.

వినడం ఒక సగం, పలకడం ఇంకో సగం. దుస్తులకు తగిలించుకునే మామూలు చిన్న మైకు నోటికి ఒక జానెడు దూరంలో ఉంటుంది కనుక ఫ్యాను హోరును, మాటను దాదాపు ఒకే లెక్కలో పట్టుకుంటుంది. బూమ్ మైకు, అంటే చెంప పక్కనుంచి సన్నని కాడ మీద నోటి దగ్గరికి వచ్చే మైకు, ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. అందులో శబ్దాన్ని అణిచే రకాలకు రెండు వైపులా రంధ్రాలు ఉంటాయి. దూరంనుంచి వచ్చే హోరు రెండు వైపులా సమానంగా చేరి ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది, దగ్గరి మాట ఒక వైపే బలంగా చేరి నిలుస్తుంది. అయితే ఈ మైకు పెదవుల పక్కన రెండు వేళ్ల దూరంలో ఉంటేనే ఈ ఉపాయం పనిచేస్తుంది. గడ్డం కిందికి దించుకొని మాట్లాడేవారికి అంత ధర పెట్టినా ఫలితం కనబడదు, కాబట్టి మొదటి వారమంతా దాన్ని సరిచేస్తూ ఉండాలి.

భోజనశాలలో అవసరం వేరు. అక్కడ హోరు తక్కువ, మర్యాద ఎక్కువ. వడ్డించేవారు బూమ్ మైకుతో బల్ల దగ్గర నిలబడితే అతిథికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పారదర్శకమైన సన్నని గొట్టం ఉన్న ఇయర్‌పీస్ ఇక్కడ సరిపోతుంది. దానిలో స్పీకరు మెడ దగ్గర ఉండి, శబ్దం మాత్రమే గొట్టం గుండా చెవిలోకి వెళుతుంది, చూడటానికి పెద్దగా తెలియదు. ఆ గొట్టంలో చెమట, గులిమి చేరి కొన్ని వారాల్లో శబ్దం మందగిస్తుంది. సెట్టు పాడైందనుకొని తిప్పి పంపే ముందు గొట్టాన్ని మార్చి చూడండి. అది చవకగా దొరికేదే. చెవి బయట కొక్కెంలా వేలాడే రకం చెవిలోకి దూరదు కనుక ఎనిమిది గంటల పనిలో ఎక్కువ హాయిగా ఉంటుంది, శబ్దం మాత్రం కొంత బయటికి పొక్కుతుంది. మీ వాళ్లలో ఇద్దరికి చెరొక రకం ఇచ్చి నాలుగు రోజులు వాడించండి. చెవి నొప్పి పుట్టించే దాన్ని ఎంత మంచిదైనా వాళ్లు తీసి జేబులో పెట్టుకుంటారు, ఆ తప్పు వాళ్లది కాదు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. చెవిలో పెట్టుకునే భాగం ఎవరిది వారికే ఉండాలి. సెట్లను షిఫ్టు మారినప్పుడు చేతులు మార్చుకోవచ్చు, ఇయర్‌పీస్‌లను మార్చుకోకూడదు. పేరు రాసిన చిన్న సంచిలో ఎవరిది వారు దాచుకోవాలి. ఖర్చు పెరుగుతుందని అనిపిస్తే గొట్టం, చెవిలో దూరే కొన విడిగా ఊడివచ్చే రకం తీసుకొని ఆ చిన్న ముక్కలనే మనిషికొకటి ఇవ్వండి.

ఇక చేతుల సంగతి. పచ్చి మాంసం కోసిన చేతితోనో, పిండి కలిపిన చేతితోనో బటన్ నొక్కి, అదే చేతితో సిద్ధమైన పళ్లేన్ని ముట్టుకుంటే, మనం సమయం ఆదా చేయడానికి తెచ్చిన వస్తువు క్రిములను మోసే వాహనమవుతుంది. చేతులు కడుక్కోవడం గురించి ఎంత గట్టిగా చెప్పినా, రోజుకు వంద సార్లు నొక్కే బటన్ విషయంలో ఎవరూ పాటించలేరు. అందువల్ల పొయ్యిల దగ్గర వండేవారికి వాకీటాకీలు ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. వంటగది మొత్తానికి ఒక్క గొంతు చాలు. పాస్ దగ్గర, అంటే వంటవాళ్లు పళ్లేలు అందించే బల్ల దగ్గర నిలబడి చీటీలు చదివి సిద్ధమైనవాటిని పంపే మనిషే ఆ గొంతు. పైనుంచి వచ్చే మాటలన్నీ ఆయనకే రావాలి, కిందనుంచి వెళ్లేవన్నీ ఆయనే చెప్పాలి. వంటవాళ్లు ఆయనతో నోటితో మాట్లాడుకుంటారు. ఇలా చేస్తే సెట్లు తగ్గుతాయి, గందరగోళం తగ్గుతుంది, ఆహార భద్రతకు ముప్పూ తగ్గుతుంది. ఆయన బటన్ కూడా ఆప్రాన్ బయట ఛాతీ మీద ఉండాలి, మణికట్టు వెనక వైపుతో నొక్కగలిగేంత పెద్దదై ఉండాలి.

చేతులు ఖాళీగా ఉండవు కదా, మాట్లాడగానే దానంతట అదే ప్రసారమయ్యే వాక్స్ సౌకర్యం వాడుకోవచ్చునా అని చాలామంది అడుగుతారు. వంటగదిలో వాడకండి. ఆ సౌకర్యానికి మాటకూ గిన్నె చప్పుడుకూ తేడా తెలియదు. ఒక పళ్లెం జారి పడినా ఛానెల్ తెరుచుకుంటుంది, అంతసేపూ మిగతావాళ్లెవరూ మాట్లాడలేరు. పైగా మొదటి అక్షరాలను మింగేస్తుంది. "వద్దు పంపకండి" అన్న మాటలో మొదటి పదం పోతే అర్థం చాలా మారిపోకపోయినా, "పదమూడుకు పంపండి" అన్న మాటలో మొదటి రెండు అక్షరాలు పోతే వంటకం తప్పు బల్లకు చేరుతుంది. బటన్ నొక్కే పద్ధతిలో కూడా నొక్కిన వెంటనే పలికితే మొదటి అక్షరాలు పోతాయి, ఎందుకంటే అవతలి సెట్టు సంకేతాన్ని గుర్తించి స్పీకరు తెరవడానికి రవ్వంత సమయం పడుతుంది. నొక్కి, ఊపిరి తీసుకొని, అప్పుడు మాట్లాడాలి.

మీరు మొదట అడిగిన దూరం విషయానికి ఇప్పుడు వస్తాను. డబ్బా మీద రాసే కిలోమీటర్లు అడ్డమేమీ లేని చోట, ఎత్తైన స్థలంనుంచి ఎత్తైన స్థలానికి కొలిచినవి. భవనం లోపల ఆ అంకెకు అర్థం లేదు. రెండు వాట్లకు బదులు నాలుగు వాట్లు తీసుకుంటే సంకేతం మూడు డెసిబెళ్లు పెరుగుతుంది, అంటే ఒక పలచని గోడ వల్ల జరిగే నష్టాన్ని పూడ్చేంత మాత్రమే. అదే సెట్టును నడుముకు బిగించి, శరీరం అడ్డుగా ఉంచి నిలబడితే అంతకంటే ఎక్కువే పోగొట్టుకోవచ్చు. రెండు అంతస్తులు, ఒక మేడ ఉన్న భవనానికి యూహెచ్ఎఫ్ పట్టీలో (పట్టీ అంటే రేడియో పౌనఃపున్యాల ఒక శ్రేణి) పనిచేసే అర వాటు నుంచి రెండు వాట్ల వరకు ఉన్న సెట్లు సాధారణంగా సరిపోతాయి. దానికంటే తక్కువ పౌనఃపున్యాల పట్టీ అయిన వీహెచ్ఎఫ్ కంటే యూహెచ్ఎఫ్ ఎందుకు మేలంటే, 450 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 67 సెంటీమీటర్లు, 150 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు మీటర్లు. లోహం, కాంక్రీటు నిండిన భవనంలో తరంగాలు తలుపులు, కిటికీలు, మెట్ల సందులగుండా దూరి వెళ్లాలి. పొట్టి తరంగానికి ఆ సందులు తేలిగ్గా సరిపోతాయి. బయలు ప్రదేశాల్లో, తోటల్లో విందులు చేసేవారికి వీహెచ్ఎఫ్ బాగుంటుంది గానీ మీకు కాదు.

భవనం లోపల అసలు శత్రువు దూరం కాదు, లోహం. కోల్డ్ రూమ్ గోడలు రెండు వైపులా ఉక్కు రేకు ఉన్న పలకలతో కడతారు. తలుపు మూశాక అది దాదాపు రేడియో తరంగాలను అడ్డుకునే పెట్టె అవుతుంది, ఐదు వాట్ల సెట్టుతోనూ లోపలినుంచి మాట బయటికి రాకపోవచ్చు. లిఫ్టు పరిస్థితీ అంతే. దీనికి పరిష్కారం బలమైన సెట్టు కాదు, కోల్డ్ రూమ్‌లోకి వెళ్లేముందు "లోపలికి వెళుతున్నాను" అని ఛానెల్‌లో చెప్పే అలవాటు. ఒకవేళ లోపల చిక్కుకుపోతే అనే భయం ఉంటే, దానికి గది లోపలినుంచి తెరుచుకునే గడియ, తీగతో ఉన్న అలారం ఉండాలి. ప్రాణరక్షణను వాకీటాకీకి అప్పగించకూడదు.

నేలమాళిగలో గిడ్డంగి, పది పన్నెండు అంతస్తులు ఉన్న భవనాలకు రిపీటరు, అంటే సంకేతాన్ని అందుకొని మళ్లీ బలంగా ప్రసారం చేసే పరికరం, అవసరమవుతుంది. దానికి చాలా దేశాల్లో అనుమతిపత్రం, నిపుణుడి చేత అమరిక కావాలి. మీ భవనానికి అది వద్దు.

ఇక్కడే చట్టం విషయం చెప్పాలి, దీన్ని తేలిగ్గా తీసుకునేవారు ఎక్కువ. అనుమతి లేకుండా వాడుకోదగిన పట్టీలు ప్రతి దేశంలో వేరువేరుగా ఉంటాయి. ఐరోపాలో పీఎంఆర్446 అనే పట్టీ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉంది, అక్కడ సెట్టు అర వాటుకు మించకూడదు, యాంటెన్నా ఊడదీయరానిదై ఉండాలి. అమెరికాలో ఎఫ్ఆర్ఎస్ అనే సేవకు 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో 22 ఛానెళ్లు ఉన్నాయి, కొన్నింటిలో రెండు వాట్లు, కొన్నింటిలో అర వాటు మాత్రమే అనుమతిస్తారు. ఒక దేశంలో చట్టబద్ధమైన సెట్టు మరో దేశంలో పోలీసుల లేదా అంబులెన్సుల ఛానెల్ మీద పడవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే, ఏ పౌనఃపున్యానికైనా మార్చుకోదగిన చవక సెట్లు చూడటానికి ఆకర్షణీయంగా ఉంటాయి, కానీ చాలా చోట్ల అనుమతి లేకుండా వాటిమీద ప్రసారం చేయడం నేరం. కొనేముందు మీ దేశపు స్పెక్ట్రం నియంత్రణ సంస్థ నిబంధనలు చూసి, సెట్టు మీద ఆ దేశపు ఆమోద ముద్ర ఉందో లేదో చూసుకోండి. మీ మొదటి ప్రశ్నలోని ఐదు వాట్లకు అసలు జవాబు ఇక్కడే ఉంది. అనుమతి అక్కరలేని పట్టీల్లో అంత శక్తిని నేను పైన చెప్పిన రెండు విధానాల్లోనూ ఒప్పుకోరు.

అనుమతి అక్కరలేని పట్టీ అంటే పక్కవాళ్లూ వాడుకుంటారని అర్థం. దుకాణాల్లో "ప్రైవసీ కోడ్" అని చెప్పి అమ్మే సౌకర్యం గురించి తప్పుడు నమ్మకం ఉంది. అది సీటీసీఎస్ఎస్ అనే పద్ధతి. మాటతోపాటు 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య ఒక సన్నని స్వరాన్ని పంపుతారు. మీ సెట్టు ఆ స్వరం ఉన్న మాటలనే వినిపిస్తుంది. అంటే పక్కవారి మాటలు మీకు వినబడకుండా చేస్తుందే గానీ, మీ మాటలు వారికి వినబడకుండా చేయదు. అంతేకాదు, పక్కవారు అదే ఛానెల్‌లో మాట్లాడుతుంటే మీకు నిశ్శబ్దంగానే ఉంటుంది, మీరు మాట్లాడితే ఇద్దరి సంకేతాలూ ఢీకొంటాయి. అందుకే కోడ్ పెట్టుకున్నా, ఛానెల్ ఖాళీగా లేనప్పుడు ప్రసారం కాకుండా ఆపే సౌకర్యాన్ని కూడా ఆన్ చేసుకోవాలి. అతిథి పేరు, కార్డు వివరాలు, ఆరోగ్య విషయాలు అనలాగ్ సెట్టు మీద, అంటే గొంతును అంకెలుగా మార్చకుండా పంపే మామూలు సెట్టు మీద, ఎప్పుడూ చెప్పకండి. బల్ల అంకె చాలు.

అనలాగా, డిజిటలా అన్న ప్రశ్నకు నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. డిజిటల్ సెట్టులో సంకేతం అందే అంచు దాకా మాట స్పష్టంగా ఉంటుంది, గరగర ఉండదు, బ్యాటరీ కూడా తరచుగా ఎక్కువ సేపు వస్తుంది. కానీ డిజిటల్ పద్ధతి మనిషి గొంతును ఒక నమూనాగా మలిచి అంకెలుగా పంపుతుంది. గొంతుతో సమానంగా హోరు లోపలికి వెళితే ఆ నమూనా తికమకపడి మాటను ముక్కలుగా చేస్తుంది. అగ్నిమాపక సిబ్బంది తొలితరం డిజిటల్ సెట్లతో పనిచేసినప్పుడు, సైరన్లు, ఊపిరి పరికరాల శబ్దాల మధ్య ఇదే ఇబ్బంది పడ్డారు. ఇప్పటి సెట్లలో శబ్దాన్ని అణిచే ఏర్పాట్లు బాగా మెరుగుపడ్డాయి. అయినా పాస్ దగ్గర ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా పరీక్షించకుండా డిజిటల్ సెట్టు కొనకండి.

హెడ్‌సెట్టును బ్లూటూత్‌తో కలిపితే తీగ బాధ తప్పుతుంది కదా అని అనిపిస్తుంది. వంటగదిలో దీనితో ఒక చిక్కు ఉంది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, దాని తలుపు సందుల్లోంచి పొక్కే కొద్దిపాటి శక్తి మనిషికి హాని చేయకపోయినా హెడ్‌సెట్టులో మాటను తెంపడానికి చాలు. ఓవెన్లు వరుసగా ఉన్న చోట తీగ ఉన్న హెడ్‌సెట్టే నమ్మకం. లేదా కార్లలో కూర్చునే ఆర్డరు ఇచ్చే భోజనశాలల్లో వాడే డెక్ట్ (తీగలేని ఇంటి ఫోన్లలో వాడే రేడియో పద్ధతి) హెడ్‌సెట్ల వైపు చూడవచ్చు. అవి 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, ఫోనులో లాగా ఒకేసారి మాట్లాడుతూ వినవచ్చు. అయితే వాటికి గోడకు బిగించే కేంద్ర పెట్టె కావాలి, కాంక్రీటు అంతస్తులు దాటడంలో అవి యూహెచ్ఎఫ్ సెట్లకు సాటి రావు. ఒకే అంతస్తు ఉన్నవారికి అవి మంచి ఎంపిక. మీ మెట్ల భవనానికి నేను సిఫార్సు చేయను.

నీరు, ఆవిరి, నూనె గురించి. సెట్టు మీద ఐపీ54, ఐపీ67 వంటి గుర్తులు ఉంటాయి. మొదటి అంకె దుమ్మునుంచి, రెండోది నీటినుంచి రక్షణను చెబుతాయి. ఐపీ54 అంటే అన్ని వైపులనుంచి చిందే నీటిని తట్టుకుంటుందని, ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుందని అర్థం. ఈ పరీక్షలు మామూలు నీటితో చేస్తారు. వేడి ఆవిరి, వంటనూనె జిడ్డు, శుభ్రపరిచే ద్రవాలు వేరు. జిడ్డు రబ్బరు మూతలను మెత్తబరుస్తుంది, ఘాటైన క్రిమిసంహారక ద్రవాలు ప్లాస్టిక్‌ను పగలగొడతాయి. తయారీదారు అనుమతించిన ద్రవంతో తడిపిన గుడ్డతో తుడవండి, సెట్టు మీద నేరుగా చల్లకండి. ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. ఇయర్‌పీస్ తీగ గుచ్చినప్పుడు ఆ రంధ్రం మూత తెరిచి ఉంటుంది కనుక, మరతో బిగించే రకం తీగ కాకపోతే ఆ ఐపీ అంకె వర్తించకపోవచ్చు. మన సిబ్బంది రోజంతా తీగ గుచ్చే వాడతారు. అందుకే ఈ ప్రశ్నను అమ్మేవారిని తప్పకుండా అడగండి. కోల్డ్ రూమ్‌నుంచి వేడి వంటగదిలోకి వచ్చినప్పుడు సెట్టు లోపల తేమ నీటి బిందువులుగా మారడం కూడా దాన్ని నిదానంగా పాడుచేస్తుంది. కోల్డ్ రూమ్ పనికి ఒక సెట్టును కేటాయించి అదే వాడితే మిగతావి బతుకుతాయి.

బ్యాటరీ విషయంలో డబ్బా మీది గంటలు ఒక లెక్కమీద ఆధారపడి ఉంటాయి. సాధారణంగా సమయంలో ఐదు శాతం మాట్లాడటం, ఐదు శాతం వినడం, తొంభై శాతం ఊరికే ఉండటం అని లెక్కిస్తారు. రద్దీ రాత్రి పాస్ దగ్గరి సెట్టు ఈ లెక్కకు లోబడదు, దానికి మధ్యలో మార్చుకోవడానికి ఒక బ్యాటరీ అదనంగా ఉండాలి. లిథియం బ్యాటరీలు ఏడాదిన్నర, రెండేళ్ల రోజువారీ వాడకం తరువాత గమనించదగినంత తగ్గుతాయి. అదే మోడల్‌కు విడి బ్యాటరీలు ఇంకా దొరుకుతాయా అన్నది కొనేరోజే అడగండి. ఛార్జర్లను ఆరు సెట్లు ఒకేసారి పట్టే రకంగా తీసుకొని, వంటగదికి దూరంగా, మేనేజరు గదిలో పెట్టండి. ఆవిరి, జిడ్డు తగిలే చోట పెడితే లోహపు స్పర్శలు మురికిపట్టి రాత్రంతా ఛార్జింగ్‌లో ఉన్న సెట్టు తెల్లారేసరికి ఖాళీగా ఉంటుంది.

ఫోన్ యాప్ గురించి అడిగారు. ఇంటర్నెట్ ద్వారా బటన్ నొక్కి మాట్లాడే యాప్‌లు నిజంగా ఉపయోగపడే చోటు ఒకటుంది. ఒకే రోజు రెండు మూడు ప్రదేశాల్లో విందులు నడిపేవారికి, సరుకు వాహనంతో మాట్లాడేవారికి అవి వాకీటాకీ కన్నా మేలు, ఎందుకంటే దూరానికి హద్దు లేదు. భోజనశాల లోపల మాత్రం నేను వద్దంటాను. తడిచేతికి తెర స్పందించదు, మాట చేరడానికి ఆలస్యం అవుతుంది, వైఫై తెగితే మొత్తం ఆగుతుంది, పైగా వడ్డించేవారు ఫోను చూస్తూ నిలబడ్డారని అతిథి అనుకుంటాడు. సిబ్బంది సొంత ఫోను వాడించడం వారి గోప్యత దృష్ట్యా కూడా సరికాదు.

ఎన్ని సెట్లు? మీ ఇరవై మందికి ఇరవై వద్దు. పాస్ దగ్గర ఒకటి, భోజనశాల కెప్టెన్లకు రెండు, ద్వారం దగ్గర స్వాగతం పలికేవారికి ఒకటి, పానీయాల దగ్గర ఒకటి, మేడ మీద ఒకటి, గిడ్డంగికి ఒకటి, మేనేజరుకు ఒకటి. అదనంగా ఒకటి దాచండి, మొత్తం తొమ్మిది. పది గొంతులు దాటితే ఒకే ఛానెల్ నిలవదు. మేడ మీద పెద్ద విందు ఉన్న రోజు దానికి రెండో ఛానెల్ ఇచ్చి, పాస్ మనిషి పక్కన ఆ ఛానెల్ వినే రెండో మనిషిని నిలబెట్టండి. ఒకే సెట్టు రెండు ఛానెళ్లను మార్చి మార్చి వెదికే సౌకర్యం ఉంటుంది గానీ, ఒకటి వింటున్నప్పుడు రెండోదాని మాట పోతుంది. పోయిన మాట పోయిందని ఎవరికీ తెలియదు, అదే దాని ప్రమాదం.

మాట్లాడే పద్ధతి గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే మంచి సెట్లు ఉన్నా ఇది లేక చెడిన చోట్లు చూశాను. ముందు ఎవరిని పిలుస్తున్నారో వారి పేరు, తరువాత తమ పేరు, తరువాత విషయం. విన్నవారు విషయాన్ని తిరిగి చెప్పాలి, "సరే" అని ఊరుకోకూడదు. అంకెలను విడివిడిగా పలకాలి. మన భాషలో ఇరవై, అరవై హోరులో ఒకేలా వినబడతాయి, పదమూడు, పదహారు అంతే. "రెండు సున్నా", "ఒకటి ఆరు" అంటే తప్పు జరగదు. కెప్టెన్లు కొత్తలో దీన్ని చిన్నతనంగా భావిస్తారు, ఒక్క రద్దీ రాత్రి గడిచాక వాళ్లే మిగతావారిని సరిదిద్దుతారు.

అలర్జీ విషయం మాత్రం వాకీటాకీ మీద మాత్రమే చెప్పి వదిలేయడానికి వీల్లేదు. పైనుంచి "బల్ల ఒకటి ఆరు, వేరుశనగ తగలకూడదు" అని చెప్పవచ్చు, వంటగది అప్రమత్తమవుతుంది. కానీ అది చీటీ మీద రాసి వచ్చేదాకా వంట మొదలు కాకూడదు, పళ్లెం పైకి వెళ్లేముందు చీటీతో సరిచూడాలి. గాలిలో కలిసిపోయే మాటకు మనిషి ప్రాణాన్ని కట్టబెట్టకూడదు. వంటకం సిద్ధమైందా, మనిషి కావాలా, బల్ల ఖాళీ అయిందా, ఆలస్యమవుతుందా, ఇలాంటి కదలికల కోసం వాకీటాకీ. ఆర్డరు, మార్పు, నిషేధం ఇవన్నీ రాతలోనే ఉండాలి.

కొనేముందు నాలుగు సెట్లను అద్దెకో, పరీక్షకో తెచ్చుకోండి. తీరిక వేళలో పరీక్షించడం వల్ల ఉపయోగం లేదు, మీ వారంలో అన్నిటికంటే రద్దీగా ఉండే రాత్రి ఫ్యాన్లు, గిన్నెల యంత్రం అన్నీ నడుస్తుండగా పరీక్షించండి. ఒక మనిషిని పాస్ దగ్గర నిలబెట్టి, మరొకరిని కోల్డ్ రూమ్, మెట్ల మలుపు, లిఫ్టు, మరుగుదొడ్ల నడవ, మేడ చివరి మూల దాకా నడిపించండి. ప్రతి చోటా మూడు అంకెల సంఖ్య ఒకటి చెప్పించి, విన్నది కాగితం మీద రాయించండి. "వినబడుతోందా" అని అడిగితే అందరూ వినబడుతోందనే అంటారు, రాసిన అంకె మాత్రం అబద్ధం చెప్పదు. తప్పులు ఎక్కడ వచ్చాయో గుర్తు పెట్టుకొని, అక్కడ సంకేతం తెగిందా, హోరు మింగిందా అని వేరుచేయండి. సంకేతం తెగితే మనిషి నిలబడే చోటు మార్చి చూడండి, హోరు మింగితే హెడ్‌సెట్టు మార్చి చూడండి. ఆ రెండూ చేశాక కూడా తప్పులు మిగిలితే అప్పుడు ఎక్కువ శక్తి ఉన్న సెట్టు, దానికి కావలసిన అనుమతి గురించి నన్ను మళ్లీ అడగండి. ఆ కాగితాన్ని కూడా జతచేస్తే మీ భవనానికి తగిన జవాబు చెప్పగలను.